నవంబర్ ఒకటిన పుట్టవలసినవాడు

గురజాల మండలం,
అక్టోబర్ 11, 2025.

ప్రియమైన ఉజ్మాకు,

నీ పూర్ణిమ ప్రేమతో రాయునది. నువ్వూ, మోయిన్ అన్నయ్యా, పిల్లదీ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరమూ క్షేమమే అని రాయడం పద్ధతి కాబట్టి రాశాను. అందులో ఎంత నిజమో పూర్తిగా చదివాక నువ్వే తేల్చుకో.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేంటే అని నవ్వుకుంటావు. నా ఫోను అత్తయ్య బీరువాలో ఉంది. కడుపులో బిడ్డకు రేడియేషన్ తగులుతుందని చినమామ గారు ఆర్డరు వేశారు. ఎవరితోనైనా మాట్లాడాలంటే హాల్లో అందరి మధ్య కూర్చుని, స్పీకరు పెట్టి మాట్లాడాలి. చినమామ అంటే మా మామగారి తమ్ముడు, చెన్నకేశవులు గారు. మామగారు పోయినప్పటి నుంచి ఈ ఇంటికీ, ఊళ్లో మా వర్గానికీ ఆయనే పెద్ద. గాజులు, చీరలు అమ్మడానికి మా బజారుకొచ్చే మీ పిన్ని, అదే కరీమున్నీసా ఖాలా చేతికి ఇది ఇస్తున్నాను. గాజుల పెట్టెలో చేయి పెట్టి వెతికే మగాడు మా ఇంట్లో ఎవరూ లేరు.

సంగతి ఏమిటంటే, నాకు కాన్పు నవంబర్ మూడో వారంలో అని నువ్వు పనిచేసే ఆసుపత్రి డాక్టరమ్మే రాసిచ్చింది కదా. ఆపరేషన్ చేయించి నవంబర్ ఒకటినే బిడ్డను తీయించాలని చినమామ ఖాయం చేసేశారు. ముహూర్తం చూసుకుని సిజేరియన్ చేయించుకోవడం మన నరసరావుపేటలో వింతేమీ కాదు, నువ్వు రోజూ చూసేదే. కానీ ఇది పంతులుగారు పెట్టిన ముహూర్తం కాదు. మా మామగారు సాంబశివరావు గారిని చంపిన తేదీ అది. 2005లో ఆ రోజు దీపావళి అమావాస్య. ఊరంతా టపాసుల మోతలో ఉండగా, అవతలి బజారు మలుపులో ఆయన మీద బాంబులు వేశారు. అవతలి వర్గం కొండలు అనే ఆయనా, ఇంకో ముగ్గురూ రెండేళ్లు జైల్లో ఉండి, సాక్ష్యం చాలక బయటికొచ్చారు. ఇదంతా పెళ్లిచూపులప్పుడే నీకు చెప్పాను. 'బాగా ఆలోచించుకోవే' అన్నావు. నేనేమో పెళ్లికొడుకు వంశీ మెతకదనం చూసి ఆలోచించడం మానేశాను.

అన్న ఏ రోజు పోయాడో ఆ రోజే తిరిగి రావాలని చినమామ పట్టు. 'వస్తన్నాడు, రాసిపెట్టుకోండి' అని వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నారు. మగపిల్లాడేనని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. పేరు కూడా పెట్టేశారు, సాంబశివరావు. అది ఇరవయ్యో వర్ధంతి కూడా కావడంతో ఇక పట్టపగ్గాలు లేవు.

మన స్కూల్లో పొద్దున ప్రేయర్ దగ్గర 'చరిత్రలో ఈ రోజు' గుర్తుందా? బోర్డు మీద నేను రాసేదాన్ని, మైకులో నువ్వు చదివేదానివి. ఏమీ దొరకని రోజున డ్రిల్లు మాస్టారి పుట్టినరోజని రాసి గోడకుర్చీ వేయించుకున్నాం. ఇప్పుడు ఆ పని మా మరిది హర్షకు పడింది. చినమామ కొడుకు, ఇంజనీరింగ్ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. నవంబర్ ఒకటిన ఏమేం జరిగాయో ఫోన్లో వెతికి భోజనాల దగ్గర చదువుతాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది ఆ రోజే. కర్ణాటక, కేరళ కూడా ఆ రోజే. పాండిచ్చేరి ఫ్రెంచివాళ్ల చేతిలోంచి మన చేతికొచ్చింది ఆ రోజే. క్రికెటర్ లక్ష్మణ్ పుట్టాడు, ఐశ్వర్యా రాయ్ పుట్టింది. 'మామూలు డేట్ కాదొదినా ఇది' అంటాడు. అన్నం కలుపుకుంటున్న చినమామ తల ఎత్తకుండానే, 'అన్న ఊరికే పోలా ఆ రోజు' అంటారు.

పంచాయతీ ఆఫీసు ఎదురుగా కట్టడానికి ఫ్లెక్సీ డిజైన్ కూడా చేశాడు. పైన 'నవంబర్ 1, చరిత్ర సృష్టించిన రోజు' అని ఉంది. ఒక పక్క రాష్ట్రం మ్యాపు, ఒక పక్క బ్యాటుతో లక్ష్మణ్, మధ్యలో తెల్లచొక్కాతో మామగారు. ఆయన పక్కన ఫోటో లేని గుండ్రటి ఖాళీ. దాని కింద పేరు మాత్రం రెడీగా ఉంది, చి. సాంబశివరావు అని. ఎలా ఉందొదినా అని నాకు చూపించాడు. సరిగ్గా అప్పుడే లోపల వాడు కాలు తన్నాడు. చూడు, నేను కూడా వాడు అనేస్తున్నాను.

హర్ష ఫోను అడిగి తీసుకుని నేను కూడా ఆ తేదీ వెతికాను. 1755లో అదే రోజున లిస్బన్ నగరంలో భూకంపం వచ్చింది, ప్రార్థనలో ఉన్న జనం మీద చర్చిల కప్పులు కూలాయి. చూపిస్తే, 'అది మనకెందుకులే' అని ఫోను లాక్కున్నాడు. ఏ తేదీని తిరగేసినా మంచి కావాలంటే మంచి, చెడు కావాలంటే చెడు దొరుకుతుందని ఎనిమిదో తరగతి పిల్లలకు సోషల్ పాఠంలో చెప్పినదాన్ని నేను. ఆ పాఠం ఇప్పుడు నాకు అక్కరకు రావడం లేదు.

నా భయం విప్పి చెబుతాను. నెలలు నిండకుండా తీస్తే బిడ్డకు ఏమవుతుందోనన్నది ఒకటి. దాన్ని మించినది ఇంకోటి ఉంది. అన్న వదిలేసి పోయిన పని మనవడు పూర్తి చేస్తాడని చినమామ అంటున్నారు. ఆ పని కొండలు ఇంటి మగవాళ్లను చంపడం. ఇంకా పాలు కూడా తాగని నా బిడ్డకు ఒక హత్య అప్పజెప్పి కూర్చున్నారు ఉజ్మా. ఈ మాట ఎవరితోనూ అనలేక చచ్చిపోతున్నాను.

ఆ కొండలును ఒకసారి చూశాను. రేషన్ బండి దగ్గర, చేతులు వణికే ముసలాయన. నన్ను చూసి జనాన్ని పక్కకు జరిపి దారిచ్చాడు. 'ఎండన నిలబడమాక తల్లీ' అన్నాడు. వాళ్లతో మాట్లాడకూడదని మాకు కట్టడి. తలవంచుకుని వచ్చేశాను.

అత్తయ్య రామాయమ్మ గారు ఈ మధ్య తన మంచం నా గదిలోకి మార్పించుకుంది. ఈ సంగతి మీద ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. చినమామ మాట్లాడుతున్నంతసేపూ నన్నే చూస్తుంది. ఈ ఇంట్లో ఆమె అంటేనే నాకు ఎక్కువ భయం. మొగుణ్ణి పోగొట్టుకుని ఇరవై ఏళ్లు ఈ రోజు కోసమే కూర్చున్నదేమో అనిపిస్తుంది.

నీకు పుణ్యముంటుంది, డాక్టరమ్మతో చెప్పి ఆ రోజు వీలుపడదని చెప్పించు. ఏ కారణమైనా పర్వాలేదు. మా అమ్మకు మాత్రం తెలియనివ్వకు, ఆమె గుండె అసలే అంతంత మాత్రం.

గాజులు కొనే వంకతో నీ జవాబు కోసం ఎదురుచూసే,
పూర్ణిమ.


గురజాల మండలం,
అక్టోబర్ 22, 2025.

ప్రియమైన ఉజ్మాకు,

దీపావళి వెళ్లి రెండు రోజులు కాలేదు, మిఠాయి కబుర్లు రాయాల్సినదాన్ని మళ్లీ ఏడుపే రాస్తున్నందుకు ఏమనుకోకు. నువ్వు ఖాలాతో చెప్పి పంపిన మాట అందింది. డాక్టరమ్మ తొందరపడొద్దని చెప్పినా, చినమామ పదిమందిని వెంటేసుకొచ్చి ఎదురుగా కూర్చుంటే సరే చూద్దాం అన్నదట. ఆమెను తప్పు పట్టలేను, ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పేషెంటు సంతకం పెట్టనంటే ఎవరూ కత్తి పట్టుకోలేరని అన్నావు. నిజమే. కానీ ఆ కాగితం నా ముందు పెట్టినప్పుడు మంచం చుట్టూ ఎవరెవరు నిలబడి ఉంటారో ఒక్కసారి ఊహించుకో. స్కూల్లో నీ వెనక దాక్కునే పూర్ణిమనే నేను, పెద్దగా మారలేదు.

దుర్గి నుంచి మామగారి రాతి విగ్రహం దిగింది. శిల్పుల పనితనానికి వంక పెట్టలేం, మీసం వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఒకటో తారీకు దాకా ఎవరూ చూడకూడదని గోనెపట్టాలు చుట్టి మా వసారాలో నిలబెట్టారు. పాదాలు మాత్రం బయటికి కనిపిస్తాయి. నేను బాత్రూముకు వెళ్లాలన్నా వాటి పక్కనుంచే వెళ్లాలి. పుట్టిన బిడ్డను ఆసుపత్రి నుంచి వీడియోకాల్లో చూపించి, ఆ ఫోను విగ్రహం మొహం ముందు పెడతారట. హర్ష దానికి ప్రత్యేకంగా స్టాండు కొన్నాడు.

ధైర్యం చేసి వంశీతో మాట్లాడాను. గురజాలలో విత్తనాలు, పురుగుమందుల కొట్టు మూసి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, నాకీ ఆపరేషన్ వద్దని చెప్పాను. పదకొండేళ్ల పిల్లాడిగా తండ్రికి తలకొరివి పెట్టి వచ్చిన రోజునే చినమామ ఆయన చేత ఒట్టు వేయించుకున్నారట. పెద్దయ్యాక ఆ పని నువ్వే చెయ్యాలి అని. ఆయన చేయలేదు, చేయలేడు. పొలంలో పాముని కూడా కొట్టనివ్వని మనిషి. కాళ్లు తుడుచుకుంటూ, 'వాడు పుడితే ఆ పని నా నెత్తి మీద నుంచి దిగిపోద్ది పూర్ణిమా' అన్నాడు.

నాలుగు తిట్లు నోటిదాకా వచ్చాయి. ఆయన మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. బరువు దింపుకోవడానికి చోటు దొరికిన మనిషి మొహం అది. ఆ చోటు నా కడుపని ఆయనకు తోచినట్టు లేదు. ఆ పూట నుంచీ ఆయన పక్కన కూర్చోవాలన్నా భయంగా ఉంది, నిజం చెబుతున్నాను.

ఇంకో విషయం జరిగింది, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నువ్వే చెప్పు. మామగారి పేరు మీద ఏటా పంతులుగారిని పిలిచి అత్తయ్య స్వయంపాకం ఇస్తుంది, బియ్యం, పప్పు, కూరగాయలు, దక్షిణ. మొన్న సోమవారం పొద్దున్నే పిలిపించింది. ఈసారి దీపావళి నాడు మధ్యాహ్నం దాకా చతుర్దశి, ఆ తర్వాత అమావాస్య. పంతులుగారు కొత్తాయన, పంచాంగం చూసుకుని, సాంబశివరావు గారు పోయింది అమావాస్య కదమ్మా, రేపు ఇవ్వండి అన్నారు. అత్తయ్య వినలేదు. 'నేనేటా చతుర్దశికే ఇస్తన్నా, ఆ తిథి దాటకముందే కానియ్యండి' అని తొందరపెట్టి, సంచి ఆయన చేతిలో పెట్టేసింది. చినమామ అప్పుడు ఇంట్లో లేరు.

పోయినవాళ్లకు పెట్టే తిథిని పండగ వచ్చిందని ముందుకు జరపరు కదా. ఆ మాత్రం నాకూ తెలుసు. మరి అమావాస్యను ఎందుకు వదిలేసిందని ఆలోచిస్తూ పడుకున్నాను. ఆ రోజును నా బిడ్డ కోసం ఖాళీ చేసి పెడుతోందేమో, పోయినవాడు తిరిగొస్తున్నప్పుడు ఇక అమావాస్యకు పిండమెందుకు అనుకుంటోందేమో అనిపించింది. ఇలాంటి ఆలోచన వచ్చే మనిషిని కాదు నేను, ఈ ఇల్లు నన్ను అలా చేస్తోంది.

నిన్న ఈ ఉత్తరం మొదలుపెట్టి నాలుగు ముక్కలు రాశానో లేదో అత్తయ్య గదిలోకి వచ్చింది. కాగితాలు దిండు కింద తోశాను. ఆమె వచ్చి, దిండు పైకెత్తి, దులిపి, మళ్లీ సర్ది, 'పడుకో' అని వెళ్లిపోయింది. కాగితాలు ఆమె కంట పడకుండా ఉండే అవకాశమే లేదు. ఐదో తరగతి దాకా చదువుకున్న మనిషి. సాయంత్రం చినమామ ఇంటికొచ్చినప్పుడు ఆమె ఆయనతో వసారాలో ఏదో మాట్లాడింది. ఏం చెప్పిందో తెలియదు. ఇప్పటిదాకా ఎవరూ నన్ను ఏమీ అడగలేదు, అది ఇంకా భయంగా ఉంది.

ఈ ఉత్తరం నీకు అందిందంటే ఖాలా ఇంకా మా ఇంటికి రాగలుగుతోందని అర్థం. అందకపోతే నా మాటలే వృథా. ఆ రోజు నీకు డ్యూటీ ఉన్నా లేకపోయినా థియేటర్లో నా పక్కన నిలబడు. సంతకం పెట్టనని చెప్పేటప్పుడు నీ చేయి పట్టుకుంటాను.

ధైర్యం అరువు అడుగుతున్న,
పూర్ణిమ.


నాదెండ్ల,
నవంబర్ 1, 2025.

ప్రియమైన ఉజ్మాకు,

పై తేదీ చూసి కంగారు పడకు. నేను ఇంకా నిండు కడుపుతోనే ఉన్నాను. మా అమ్మ ఇంట్లో, తలుపు గడియ పెట్టుకుని కూర్చుని రాస్తున్నాను. పొద్దున నీ ఆసుపత్రికి చినమామ మనుషులు వచ్చి నిన్ను గుచ్చి గుచ్చి అడిగి ఉంటారు. అడుగుతారని తెలిసే నీకు ఫోన్ చేయలేదు. నాకు తెలియదు అని నువ్వు నిజాయితీగా చెప్పగలగాలి. నువ్వు అబద్ధం చెబితే నీ ముక్కు ఎర్రబడుతుంది, చిన్నప్పుడు ఎన్నిసార్లు దొరికిపోయామో నీకూ తెలుసు. ఈ ఉత్తరం పోస్టులో నిన్ను చేరేసరికి ఈ తేదీ దాటిపోయి ఉంటుంది.

మొంథా తుఫాను వస్తోందని పోయిన సోమవారం ఊళ్లో నర్సమ్మ ఇంటింటికీ తిరిగింది. నెలలు నిండుతున్న వాళ్లను ముందే సర్కారు ఆసుపత్రికి చేర్చాలని పైనుంచి ఆర్డరు. తుఫాను తగ్గాక మేమే కారేసుకుని నరసరావుపేట తీసుకుపోతాం, అక్కర్లేదని చినమామ అన్నారు. అప్పుడు అత్తయ్య, ఈ ఇంట్లో నేను అడుగుపెట్టాక మొదటిసారి, ఆయన మాటకు అడ్డం వచ్చింది. 'వాగు పొంగి దారి మూసుకుపోతే ఒకటో తారీకు పేట ఎట్టా పోతావు? ముందే దాటిచ్చుకో' అన్నది. ఆ మాటతో చినమామ మెత్తబడ్డారు. ఆయన తేదీ మీదనే ఆయన్ని ఒప్పించింది. ప్రభుత్వం వాళ్ల బండిలో నాతో పాటు అత్తయ్య ఒక్కతే ఎక్కింది. వెనక అద్దంలోంచి వసారాలో ఆ గోనెపట్టాల ఆకారం వానలో కనిపిస్తూనే ఉంది.

ఆమెతో ఒంటరిగా వెళ్లడం నాకు ఎంత భయమేసిందో చెప్పలేను. దారి పొడుగునా పత్తి చేలు నీళ్లలో మునిగి ఉన్నాయి. ఆమె చేతిలో ఒక గుడ్డసంచి, దాన్ని ఒళ్లోంచి దించలేదు. అందులో ఏముందో అని చూస్తూ కూర్చున్నాను. ఆసుపత్రిలో మంచం ఇచ్చాక ఆ సంచి విప్పి నా చేతిలో పెట్టింది. బీరువాలో ఉండే నా ఫోను, దాని ఛార్జరు, నా ఆధార్ కార్డు, రెండు జతల బట్టలు, దారికి కాసిని జంతికలు.

'నీ కాగితాలు నే చదివా' అన్నది. 'ఒకటో తారీకు దాటిందాకా నోరు మెదపమాక. ఆ తర్వాత నేను చూసుకుంటా' అన్నది. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి, బిడ్డ బరువు ఇంకా పెరగాలి, నొప్పులు రాకుండా కత్తి ముట్టుకునేది లేదని గట్టిగా చెప్పింది. అత్తయ్య ఆ మాట రెండోసారి చెప్పించుకుని విన్నది. ముసలామె కళ్లల్లో నీళ్లు చూడటం అదే మొదలు.

గాలివాన తగ్గాక, బీపీ ఎక్కువగా ఉంది, డాక్టర్లు కదలనివ్వడం లేదని చినమామకు ఫోన్లో చెప్పి, నన్ను ఆటోలో ఎక్కించి తిన్నగా నాదెండ్ల తీసుకొచ్చింది. మా అమ్మ కాళ్లు కడగబోతే పట్టుకుని ఆపింది. తెల్లారి, అంటే నిన్న, బస్సెక్కి తిరిగి వెళ్లిపోయింది. ఎందుకు మళ్లీ అక్కడికి, మీరు కూడా ఇక్కడే ఉండండి అని ఎంత బతిమాలినా వినలేదు. 'అక్కడ నాకు పనుంది. ఆసుపత్రిలో నీకు మీ అమ్మ తోడుందని చెబుతా' అన్నది. వాళ్లు మిమ్మల్ని ఏం చేస్తారో అన్నాను. నా తల నిమిరి బస్సు మెట్టెక్కింది.

ఉజ్మా, ఇన్నాళ్లూ నేను భయపడింది ఈ మనిషిని చూసి. ఆమె నా గదిలో మంచం వేసుకున్నది నన్ను కాపలా కాయడానికి అనుకున్నాను. కాపలాయే, కానీ ఎవరి నుంచో ఇప్పుడు తెలిసింది. బస్సు కదిలాక మా అమ్మ భుజం మీద తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చాను.

ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. అక్కడ విగ్రహం ముసుగు తీసి ఉంటారు. నా ఫోను ఆపేసి పెట్టాను, పొద్దుటి నుంచి అమ్మ ఫోను మోగుతూనే ఉంది, చినమామ నంబరే. అమ్మ ఫోనును దిండు కింద పెట్టి దాని మీద కూర్చుంది. తమ్ముడు గుమ్మం దగ్గర మంచం వాల్చుకుని, వీధిలో బైకు చప్పుడైతే లేచి నిలబడుతున్నాడు. అత్తయ్య నంబరు కలవడం లేదు. ఇక్కడ నేను, నా బిడ్డ భద్రంగా ఉన్నాం. ఆమెను ఆ ఇంట్లోకి ఒంటరిగా పంపించి నేను జంతికలు నములుతున్నాను.

ఈ రోజు గడిస్తే చాలు. చరిత్రలో ఈ రోజు మా ఇంట్లో ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు అని రాసుకునే భాగ్యం దొరికితే చాలని వెయ్యి దేవుళ్లకు మొక్కుతున్నాను. మీ దేవుడికి కూడా ఒక మాట చెప్పు.

నీ దుఆలో చోటు కోరే,
పూర్ణిమ.

తా.క. కవరు అంటించాక మళ్లీ చింపాను. వంశీ ఫోన్ చేశాడు. ఆయన నంబరు కాబట్టి అమ్మ ఎత్తి నాకిచ్చింది.

పొద్దున విగ్రహం దగ్గర ఊరంతా కూడారట. బిడ్డ పుట్టలేదు, నేను ఆసుపత్రిలో లేనని అప్పటికే తెలిసి చినమామ ఊగిపోతున్నారట. అత్తయ్య ఇంట్లోంచి వచ్చి, మైకు అందుకోలేదు, మెట్టు మీద నిలబడి మామూలు గొంతుతోనే చెప్పిందట. మామగారిని ఎవరూ చంపలేదు. అమావాస్యకు ముందు రోజు, చతుర్దశి నాడు, మా పశువుల కొట్టంలో దాచిపెట్టిన నాటుబాంబులు వేరేచోటికి మారుస్తుంటే ఒకటి ఆయన చేతిలోనే పేలింది. ఇరుగుపొరుగు టపాసు అనుకున్నారు. మన బాంబుతో మనవాడే పోయాడంటే ఊళ్లో తలెత్తుకోలేమని, ఆ వంకతో కొండలు వాళ్లను లోపల వేయించొచ్చని, చినమామే అన్న శవాన్ని పత్తి బోరాల కింద దాచి, మర్నాడు దీపావళి మోతలో అవతలి బజారు మలుపులో పడేసి, ఇంకో రెండు బాంబులు పేల్చారు. నోరు విప్పితే పిల్లోడు కూడా దక్కడని అత్తయ్యను బెదిరించారు. 'ఊరందరికీ అబద్ధం చెప్పా. అన్నం పెట్టేకాడ మాత్రం ఆయనకు చెప్పలేకపొయ్యా. అందుకే ఏటా చతుర్దశికే ఇచ్చా' అన్నదట.

అక్కడి నుంచి నడుచుకుంటూ అవతలి బజారుకు వెళ్లి, కొండలు ఇంటి అరుగు మీద కూర్చుందట. ఇప్పటికీ అక్కడే ఉంది. కొండలు ఇంటి ఆడవాళ్లు ఆమెకు మంచినీళ్లిచ్చి తలుపు తీసే ఉంచారట. చినమామ కొట్టుగదిలో దూరి గడియ పెట్టుకుని లోపలే ఉన్నారట, ఆయన మనుషులు బజారు చివర గుంపుగా నిలబడి ఉన్నారట. వంశీ ఆ రెంటికీ మధ్య రోడ్డు మీద నిలబడి నాకు ఫోన్ చేశాడు.

వెళ్లి మీ అమ్మ పక్కన కూర్చోమన్నాను. వెళ్తన్నా అన్నాడు. కానీ ఫోను పెట్టలేదు. తర్వాత, పదకొండేళ్ల పిల్లాడి గొంతుతో, 'అయితే పూర్ణిమా, ఇంక మనం ఎవర్నీ చంపక్కర్లేదుగా?' అని అడిగాడు. అక్కర్లేదు అన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ అక్కర్లేదు అన్నాను.